అరచేయంత సందు

కదలకూడదు. ఈ పొద్దున భద్రయ్య చేతిలో ఉన్న పని అదొక్కటే, జన్మలో అతనికి చేతకానిదీ అదే. బనీను లోపల పొట్టకు ఆనుకుని తొమ్మిది కోడిగుడ్లున్నాయి. అవి జారిపోకుండా బనీను అంచు మీద నడుముకు తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. పైన స్వెట్టరు, ఆ పైన శాలువా, నెత్తిన మంకీ క్యాపు. అరవై దాటిన మనిషి, చిలకలగూడలో నలుగురికీ తెలిసిన మనిషి, పెరట్లో బట్టలుతికే బండ మీద నెలలు నిండిన పిల్లలా రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ప్రహరీ మీద పొడల పెట్ట ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, ఈ ఇంటితో తనకేమీ సంబంధం లేదన్నట్టు అవతలి వీధి వంక చూస్తోంది. అది దిగి రావాలి. దిగి, గూట్లోకి పోయి, గంపలో కూర్చోవాలి. అంతవరకూ ఈ గుడ్లకు దిక్కు భద్రయ్య పొట్టే. తెల్లారింది అనడానికి లేదు, తెల్లారలేదు అనడానికీ లేదు. పొగమంచు జామచెట్టు పైకొమ్మల్ని మింగేసింది, స్టేషన్ వైపు నుంచి ఏదో బండి ఆలస్యమని చెప్పే ఆడగొంతు విడతలు విడతలుగా వినబడుతోంది. చింతిస్తున్నామంటుంది గానీ ఎప్పుడూ చింతిస్తున్నట్టు ఉండదు ఆ గొంతు. అనసూయమ్మ వచ్చాక తను ఏ గొంతుతో చెప్పాలో భద్రయ్యకు తెలియడం లేదు.

ఆమె ఇవాళే వస్తోంది. పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు, వారం నుంచి ఆస్పత్రిలో ఉంది, కూతురు కల్పలత బేగంపేట ఆఫీసుకు సెలవు పెట్టి తల్లి పక్కనే ఉంటోంది. సాయంత్రం కాగానే కూతురు ఫోన్ చేసి అమ్మకిస్తున్నా అంటుంది. భార్య ఏమంటుందోనని భద్రయ్య చెవి ఒగ్గితే, తిన్నావా అని కాదు, మందులేసుకున్నావా అని కాదు, "పొడలది గుడ్ల మీదనే ఉన్నదా?" అంటుంది. ఉన్నదంటే సరే అని ఫోన్ కూతురికిచ్చేస్తుంది. మొదటి రోజు భద్రయ్యకు ఒళ్ళు మండింది. ఇంత కాపురం చేసినవాణ్ణి, కోడి తర్వాతైనా నా సంగతి అడగకూడదా అనుకున్నాడు. రెండు మూడు రోజులకు ఏమైందో, ఆ ప్రశ్న కోసమే ఎదురు చూడటం మొదలుపెట్టాడు. ఉన్నది, ఇవాళ గింజలు సుత మంచిగనే తిన్నది, నీళ్ళు తాగింది, పోయి కూసున్నది అని అడగనివి కూడా చెప్పేవాడు. ఆమె తనకు ఏదైనా అప్పగించడం ఇదే మొదలు. ఇంటి తాళమైనా పక్కింటి రుఖియాకు ఇచ్చి పోయే మనిషి, ఆటో ఎక్కుతూ ఎక్కుతూ, నొప్పికి నడుం వంగిపోయి ఉండి కూడా, ఆగి అతని చెయ్యి పట్టుకుని, జెర చూడు వాటిని అంది. ఆ పట్టు ఇప్పటికీ మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

గుడ్డు ఒకటి డొక్క వైపు జరిగింది. చెయ్యి జాపి సర్దుదామంటే మిగతావి ఎటు దొర్లుతాయోనని భయం. ఇవి మామూలు గుడ్లయితే ఇంత గోల లేదు. వానాకాలం చివర కొక్కెర తెగులు వచ్చి, చూస్తుండగానే మెడలు వాల్చేసి, గూటిలో కోళ్ళన్నీ పోయాయి. మిగిలింది పుంజూ, ఈ పొడల పెట్టా. ఆ తర్వాత అనసూయమ్మ సంతలో మూడు పెట్టల్ని కొనుక్కొచ్చింది, అవి పెట్టవలసిన గుడ్లు పెడుతున్నాయి, వాటి దారి వాటిదే. పొడలదాని సంగతి వేరు. దాని తల్లీ, తల్లి తల్లీ, అంతకు ముందు ఎన్ని తరాలవో, అన్నీ ఈ పెరట్లోనే పొదిగి ఈ పెరట్లోనే తిరిగాయి. అదిప్పుడు ముసలిదైంది. మళ్ళీ గుడ్లు పెడుతుందన్న ఆశ లేదు. అది పెట్టిన ఆఖరి గుడ్లను అనసూయమ్మ బేసి లెక్కన తొమ్మిది ఏరి, ఒక్కోదాని మీద బొగ్గుతో గీత గీసి, గంపలో గడ్డి పరిచి పొదుగు వేసింది. ఇంత చలిలో పిల్లలు దిగితే బతుకుతాయా అని భద్రయ్య అంటే, అది కూసుంటనంటున్నది, మనకేం తక్లీఫ్ అంది. ఇవాళో రేపో దిగాలి. దిగితే పుట్టింటి విత్తనం నిలుస్తుంది, లేకపోతే ఇక్కడితో సరి.

పుట్టింటి నుంచి ఆమె ఆ కోళ్ళను తెచ్చుకున్న రోజు భద్రయ్యకు నిన్నటిలా ఉంది. ఒడిబియ్యం పోసి పంపుతూ అత్తగారు బియ్యం మూటతో పాటు ఒక గంప కూడా పెట్టింది, పైన పాత చీర ముక్క కట్టి. జనగామలో ప్యాసింజర్ ఎక్కాక చూస్తే గంపలో పెట్టా, దాని కింద పిల్లలూ. కొత్త పెళ్ళికొడుకు భద్రయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. టీసీ వస్తుంటే చూసి, ఈ పిల్ల ఎవరో తనెవరో అన్నట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. టీసీ గంప వంక చూసి, దీనికి టికెట్ ఏదమ్మా అన్నాడు నవ్వుతూ. పద్దెనిమిదేళ్ళ పిల్ల తొణకలేదు. "అది సీట్ల కూసోలేదు సార్, నా ఒళ్ళె కూసున్నది," అంది. రైలు పెట్టె అంతా గొల్లుమంది. టీసీ కూడా నవ్వుకుంటూ ముందుకు పోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు. చీరకొంగు తీసి గంప మీద ఇంకో పొర కప్పి, గాలి ఆడటానికి ఒక మూల విడిచిపెట్టింది. అవును, ఒక మూల విడిచిపెట్టింది. భద్రయ్య కళ్ళు మూసుకుని ఆ మూల చూస్తున్నాడు. అప్పుడే చూసి ఉండవలసింది కదా.

గూటి ముందు ఎర్రకోటు పడి ఉంది. తడిసి బరువెక్కి, బంగారు కుచ్చులు నేల మీద పరుచుకుని. సంతలో కొన్న పెట్టల్లో ఒకటి ఆ కుచ్చుల్ని గింజలనుకుని పొడుస్తోంది. పొడవనీ. ముప్పై ఏళ్ళు ఆ కోటుకే దండాలు పెట్టించుకున్నాడు భద్రయ్య. మోండా మార్కెట్ దగ్గర బ్యాండు దుకాణంలో క్లారినెట్ అంటే భద్రయ్యే. బరాత్ ముందు గుర్రం పక్కన నడుస్తూ ఊదుతుంటే సందు చివరి పెళ్ళివారికి కూడా కాళ్ళు ఆగేవి కావు. మార్గశిరం, మాఘం, చలి ముదిరేకొద్దీ పెళ్ళిళ్ళు ముదిరేవి. ఇనుప చలిలో క్లారినెట్ మూతికి పెదవి ఆనిస్తే అంటుకుపోయినట్టు ఉండేది. అయినా ఊపిరి, ఊపిరే కదా అతని బతుకు, పొట్ట అడుగు నుంచి లాగి ఒకటే ఊదుడు. ఊదేంతసేపూ ఒకటే భయం ఉండేది, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారని. పాట మంచి రక్తిలో పడగానే ఏ పెద్దమనిషో వచ్చి, ఆపండయ్యా, పంతులు మంత్రాలు వినబడటం లేదు అనేవాడు. కార్లు పోవాలి ఆపండి, కరెంటోళ్ళు వచ్చారు ఆపండి, భోజనాలకు పిలుస్తున్నారు ఆపండి. ముప్పై ఏళ్ళలో అతని చెవిన ఎక్కువసార్లు పడ్డ మాట ఆపు. తెల్లవారుజామున పెదవులు వాచిపోయి ఇంటికొచ్చి వీధి తలుపు తోస్తే, వెనక తలుపు అప్పటికే తీసి ఉండేది. పెరట్లో అనసూయమ్మ కోళ్ళతో మాట్లాడుతుండేది. అతను మాట్లాడలేడు, ఆమె అడగదు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళ చెంబు గడప దగ్గర పెట్టి ఉండేది, పుక్కిలించి పడుకునేవాడు. ఇంట్లో ఒక్క పాట ఊదలేదు. ముందుపళ్ళు ఊడాక క్లారినెట్ పెట్టెలో పెట్టి బీరువా పైకి ఎక్కించేశాడు. తన వాద్యం ఎట్లా ఉంటుందో అనసూయమ్మకు తెలియదు. తెలుసుకోవాలని ఆమె అడిగిందీ లేదు.

అదిగో, పొడలది ముక్కుతో రెక్క కింద గోక్కుంటోంది. దిగుతుందా? దిగదు. లేచి తరుముకుని పట్టుకుందామని కాళ్ళు లాగుతున్నాయి. కానీ కోడి వెంట పరుగెత్తే అనసూయమ్మను భద్రయ్య ఎన్నడూ చూడలేదు. గూటికి రాని కోడి ఉంటే దానికి వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకునేది. కాసేపటికి అదే వచ్చి కొంగు పక్కన నిలబడేది. ఏ పనైనా అంతే ఆమెది. చలికాలం మొదలైతే చాలు, గూట్లో ఊక మందంగా పరిచి రోజూ కర్రతో కిందిది పైకి తిరగేసేది, తడి ముద్దలు మాత్రం ఏరి పారేసేది, అంతా ఊడ్చేస్తే అడుగున వెచ్చదనం పోతుందనేది. ఇస్త్రీ బండి అతని దగ్గర బూడిద అడిగి తెచ్చి జామచెట్టు మొదట్లో పోస్తే కోళ్ళు అందులో పొర్లి పేలు దులుపుకునేవి. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా ముందు ఎండలో కోళ్ళ దగ్గరికే పోయేది; వాటి జుట్టుకు, అంటే ఆ ఎర్రటి తలతురాయికి, పగుళ్ళు రాకుండా రాసి, ఆ చేతులే తన తలకు రాసుకునేది. పొద్దు గూకే ముందు ఒక్కోదానికి గుప్పెడు మక్కజొన్నలు. కడుపులో గింజ అరుగుతుంటే రాత్రంతా ఒళ్ళు కాగుతుందట. ఒకసారి గూట్లో కోళ్ళు ఎక్కి కూర్చునే దూలం విరిగితే భద్రయ్య మంచి వెదురుబొంగు తెచ్చి వేశాడు. మర్నాడు చూస్తే బొంగు లేదు, దాని చోట పాత మంచం పట్టె అడ్డంగా, చదునుగా వేసి ఉంది. ఎందుకే అంటే, ఒక పెట్టను ఎత్తుకొచ్చి తన అరచేతి మీద నిలబెట్టి చూపించింది. చదునుగా ఉంటే వేళ్ళు చాపుకుంటుంది, పైన పొట్ట ఈకలు వాల్చి వేళ్ళు కప్పుకుంటుంది. బొంగు మీద ముడుచుకుని పట్టుకోవాలి, వేళ్ళు బయటికుండి కొంకర్లు పోతాయి. కోళ్ళకు మంచం వేసిందిరా మా ఆమె అని భద్రయ్య బ్యాండు దుకాణంలో చెప్పి అందర్నీ నవ్వించాడు, చాలా రోజులు ఆ మాట మీద బతికాడు. ఇప్పుడీ బండ మీద కాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతుంటే, చెప్పుల్లోంచి వేళ్ళు తీసి ఒకదాని కింద ఒకటి దాచుకుంటూ, ఎంత ఆలోచించిందిరా మనిషి అనుకున్నాడు. ఒక కోడి కాలివేలు దగ్గరికి పోయి ఆలోచించింది.

మరి అంత ఆలోచించే మనిషి గూటి పైన అరచేయంత సందు ఊరికే విడిచిపెడుతుందా? ఈ ఒక్క ప్రశ్న నిన్న సాయంత్రం పుట్టి ఉంటే బాగుండేది. టీవీలో ఈ ఏడాదికల్లా పెద్ద చలి ఈ రాత్రేనన్నారు. కోళ్ళు గూడెక్కాక భద్రయ్య టార్చి వేసి చూశాడు. రేకు కప్పు కిందుగా, గోడ పొడుగునా సందు, పిల్లి రాకుండా జాలి కొట్టి ఉంది, అందులోంచి చలి సూదుల్లా దిగుతోంది. ఆ సందు గురించి కాపురం కొత్తలో ఎప్పుడో అడిగాడు. చెక్క తక్కువైందంది. అప్పటి నుంచి అది తక్కువైన చెక్కే అతని లెక్కలో. పాపం, ఎన్నిసార్లు తెమ్మందో, తనే తేలేదేమో అనుకున్నాడు. వీధిలో దొరికిన పెద్ద ఫ్లెక్సీ తెచ్చి గూడు చుట్టూ చుట్టాడు. పై సందుకు ఏది కుక్కాలా అని ఇల్లంతా వెతికి, ట్రంకు పెట్టెలోంచి బ్యాండు కోటు తీశాడు. ఇంట్లో అంతకన్నా మందమైన బట్ట లేదు, అంతకన్నా ప్రియమైనదీ లేదు. కోటు చేతులు రెండూ మడిచి, గుండీలు బయటికి వచ్చేట్టు, సందు పొడుగునా ఒత్తి ఒత్తి కుక్కాడు. నా కోటు కప్పుకుని పడుకోండి బిడ్డా అన్నాడు పొడలదానితో, ఎన్నడూ మాట్లాడనివాడు. లోపలికొచ్చి పడుకుంటే చాలా గొప్ప నిద్ర పట్టింది.

పొద్దున గూటి తలుపు తీయగానే లోపలి నుంచి ఉమ్మగిల్లిన ఘాటు వాసన వచ్చి కళ్ళలో కొట్టింది. కప్పు రేకు లోపలి వైపు నీటిబొట్లతో నిండి, టపటపా కారుతోంది. కోళ్ళ వీపులు తడి, ఊక తడి, గంపలో గడ్డి తడి. పుంజు మెడ సాగదీస్తూ గుర్రుగుర్రుమంటోంది. పెట్టలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. కోటు లాగితే నీళ్ళోడుతూ వచ్చింది. రోజుల తరబడి గుడ్ల మీద నుంచి మేతకు తప్ప లేవని పొడలది ఒక్కసారిగా అతని కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి, బండ మీదికీ అక్కడి నుంచి గోడ మీదికీ ఎగిరింది. గాలి కోసం. భద్రయ్యకు అది అర్థం కావడానికి క్షణం పట్టింది. పొట్ట అడుగు నుంచి ఊపిరి లాగి బతికినవాడు, ఊపిరి ఆడే దారిని తన కోటుతోనే మూసేశాడు. గుడ్లు తీసి స్వెట్టరుకు తుడిచి, ఎక్కడ పెట్టాలో తోచక బనీనులో వేసుకున్నాడు. అప్పటి నుంచీ ఇట్లా.

గోడ అవతల పళ్ళెం చప్పుడైంది. రుఖియా. ఇన్నేళ్ళుగా పక్కిల్లు, ఈ ఇంటికి అనసూయమ్మ ఏ ఏడాది వచ్చిందో ఆ ఇంటికి రుఖియా ఆ ఏడాదే వచ్చింది. గోడ మీద నుంచి తల పైకి పెట్టి, ముందు కోడినీ తర్వాత అతన్నీ చూసింది. "ఏందన్నా, గిట్ల కూసున్నవ్?" అంది. భద్రయ్య పెదవులు కదిలీ కదలకుండా, అదిలించకమ్మా అని, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. రుఖియా నవ్వుతుందనుకున్నాడు. ఆమె కింద పడిన కోటు వంక చూసి, గూటి పైకి చూసింది.

"సందు మూసినవా? అక్క సుత ఒక్కసారి మూసింది," అంది. "మీ లగ్గమైన మొదటి సలికాలం. మస్తు సలి పెడుతున్నదని గోనెసంచులు కుక్కింది. పొద్దుగాల చూస్తే సగం కోళ్ళు లెవ్వు. వాటి ఊపిరే నీళ్ళై వాటి మీద కారింది. సలికి తట్టుకుంటయి గని, తడికి తట్టుకోవన్నా."

నాకెందుకు చెప్పలేదు అన్నాడు భద్రయ్య. రుఖియా గొంతు తగ్గించింది. "నువ్వు లగ్గాల సీజన్ల ఉన్నవ్. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. చెప్తే బ్యాండోళ్ళకు చెప్పి నవ్వుతవని."

కోడిని పట్టిస్తానంది. వద్దమ్మా, అదే వస్తది అన్నాడు. ఆమె లోపలికి పోయి వేడి చాయ్ గ్లాసు తెచ్చి గోడ మీద పెట్టింది, అతనికి అందదని తర్వాత గుర్తొచ్చి నాలుక కరుచుకుంది, కోడి బెదురుతుందని తనూ ఇవతలికి రాలేక లోపలికి వెళ్ళిపోయింది. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. పొడలది మెడ పక్కకు వాల్చి ఆ ఆవిరి చూస్తోంది.

బ్యాండోళ్ళకు చెప్పి నవ్వుతవని. భద్రయ్యకు పొట్ట మీద గుడ్లున్నాయి కాబట్టి గాని, లేకపోతే అక్కడే ముడుచుకుపోయేవాడు. ఆ చలికాలం అతను ఇల్లు చేరిన ఒక పొద్దున కళ్ళ ముందుకొచ్చింది. ఏ పొద్దునో ఏమో, అదే అయి ఉండాలి. పెరట్లో రంపం కోస్తున్న చప్పుడుకు నిద్ర చెడి, ఏందా లొల్లి అని అరిచాడు. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి చాలా నెమ్మదిగా, రంపానికి కూడా నిద్రాభంగం తెలిసినట్టు. చచ్చిన కోళ్ళను, పుట్టింటి కోళ్ళను, ఏ మూలన పాతిపెట్టిందో, ఎంత ఏడ్చిందో, ఆ కళ్ళు తుడుచుకుని ఎవరి దగ్గరో రంపం అడిగి తెచ్చి, పద్దెనిమిదేళ్ళ పిల్ల, రైలు పెట్టెలో టీసీకి బెదరని పిల్ల, మొగుడి నిద్ర చెడకుండా ఒక్కో పోటూ లాగి గూటికి ఊపిరి దారి కోసింది. లేచాక అతను ఆ సందేమిటని అడిగితే చెక్క తక్కువైందంది. చెక్క తక్కువ కాలేదు. తక్కువైంది ఇంకేదో, ఆమె పేరు పెట్టలేదు. అన్నేళ్ళు ఆ అబద్ధం అట్లాగే గాలికి వదిలేసి, దాని కింద కోళ్ళను ఏ చలికాలానికీ ఒక్కటి కూడా పోకుండా చూసుకుంది. తెగులు మీద ఎవరికి మాత్రం చేతనవుతుంది. చలి మీద మాత్రం ఆమె గెలుస్తూనే వచ్చింది, ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా. తను గుర్రం పక్కన ఊదుకుంటూ పోతే ఊరంతా చూసేది. ఈమె చేసినదాన్ని ఎవరు చూశారు? రుఖియా చూసింది. కోళ్ళు చూశాయి. భద్రయ్యకు భార్య మీద ఇంత గౌరవం, గౌరవమే, ప్రేమ అంటే చిన్నమాటైపోతుంది, ఇంత గౌరవం ఇన్నేళ్ళలో ఎన్నడూ పుట్టలేదు.

పొద్దెక్కింది, మంచు ఇంకా విడవలేదు. లోపల ఫోన్ మోగింది. కూతురే. బయల్దేరామని అయి ఉంటుంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. లేవకూడదు. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయా, లేక తన పొట్టే చల్లబడి తేడా తెలియడం లేదా? వేలితో తాకితే నున్నగా, కొలత దొరకని వెచ్చదనం. వణుకు మొదలైంది. కింది పెదవి, క్లారినెట్ బరువు మోసిన ఆ పెదవి, దాని ఇష్టం వచ్చినట్టు అదురుతోంది. అదురు ఆపడానికి నోరు మూసుకుని గొంతులో చిన్నగా కూనిరాగం అందుకున్నాడు. అది ఏ పెళ్ళిపాటా కాదు. ఈ వారం రోజులూ గూటి పక్కన కూర్చుని విన్నది. గుడ్ల మీద ఉన్న పొడలది రోజంతా ఒకటే పలుకు పలికేది, గొంతు అడుగు నుంచి, క్లక్ క్లక్ అని రెండు పట్టి, కాసేపు ఆగి, మళ్ళీ రెండు. వినగానే భద్రయ్య చెవి దానికి శ్రుతి కట్టేసింది, క్లారినెట్‌లో అన్ని రంధ్రాలూ మూస్తే పలికే ఆ కింది స్వరానికి కొంచెం ఎగువగా. చెవికి వచ్చిన జబ్బు అంత సులువుగా పోదు కదా. ఆ పలుకే ఇప్పుడు గొంతులో పలుకుతోంది. రెండు పట్టి, ఆగి, మళ్ళీ రెండు. పళ్ళు అక్కర్లేదు దీనికి, పెదవులు అక్కర్లేదు. ఊపిరి ఉంటే చాలు.

బొడ్డు దగ్గర కీచుమంది. ఆకలికి కడుపు అరిచిందనుకున్నాడు. పాడటం ఆపితే అదీ ఆగింది. మళ్ళీ రెండు పట్టి ఆపాడు. మళ్ళీ కీచుమంది. సన్నగా, గుండుసూది మొనంత గొంతు, గుడ్డు పెంకు లోపలి నుంచి, అతని చర్మానికి ఆనుకుని. ఉంది. బతికుంది. ఒక్కటైనా బతికుంది. భద్రయ్య కళ్ళలోంచి నీళ్ళు కారి మంకీ క్యాపు ఉన్నిలోకి ఇంకిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. పిలుస్తున్నది తల్లి కాదని ఆ లోపలిదానికి తెలియదు. తెలియకుండానే నమ్మి జవాబిస్తోంది. నమ్మినవాళ్ళకు జవాబు చెబుతూ ఉండాలి, ఆపకూడదు, అదొక్కటే ధర్మం అనిపించింది. పలికాడు. గోడ మీద పొడలది చటుక్కున తల తిప్పింది. ఈ పొద్దున మొదటిసారి ఇటు చూసింది. ఇంకో కీచు. అది గోడ మీద నుంచి రెక్కలు టపటపలాడిస్తూ దూకింది, రుఖియా చాయ్ గ్లాసును తోక తగిలించి అవతలికి దొర్లించేసి, నేల మీద దిగి, ఈకలు ఒకసారి దులుపుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ రాసాగింది. కోటు దగ్గర ఆగింది. కుచ్చుల్ని పట్టించుకోలేదు. కోటు తొక్కుకుంటూ ఇటే వస్తోంది.

అప్పుడే వీధిలో ఆటో ఆగింది. గేటు కిర్రుమంది. నాన్నా, ఫోనెందుకు ఎత్తవ్ అంటూ కల్పలత గొంతు, దాని వెనక, గోడ పట్టుకుని నడుస్తున్నట్టు, మెల్లగా, ఒక అడుగు, ఆగి ఇంకో అడుగు. కోటు అక్కడే పడి ఉంది, ఫ్లెక్సీ గూటికే వేలాడుతోంది, పై సందు మీద ఇంకా తడి మెరుస్తోంది, చూడగానే అంతా తెలిసిపోతుంది. లేవాలి. లేచి ముందు తనే చెప్పాలి, ఇట్లా చేశానే అని, చెక్క తక్కువైందన్నావు కదా అని, రుఖియా చెప్పిందని, ఆ రంపం చప్పుడు విన్నానని. గొంతులో రాగం తెగింది. బనీనులో కీచు కూడా ఆగింది. మూరెడు దూరంలో పొడలది ఒక కాలు ఎత్తి, దించకుండా నిలబడి, వెనక తలుపు వైపు చూసింది.

వెనక తలుపు దగ్గర అడుగులు ఆగాయి. కూతురు ఏదో అనబోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఆపిన గాజుల చప్పుడు. అనసూయమ్మ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో, ఎంత విన్నదో, ఏమేమి చూసిందో అతను తిరిగి చూడలేడు. ఆపరేషన్ నొప్పి ఇంకా ఆరని ఊపిరితో, కోడికి వినబడకూడదన్నంత చిన్న గొంతుతో ఆమె అంది.

"ఆపకు."

భద్రయ్య ఆ చల్లటి గాలిని పొట్ట అడుగుదాకా పీల్చుకుని మళ్ళీ అందుకున్నాడు. పొడల పెట్ట ఎత్తిన కాలు ముందుకు వేసింది.